50 వేల లోపు బిల్డ్‌కి ఎస్ఎంపీఎస్ ఏది? సాయంత్రం లో వోల్టేజ్, ఇంట్లో ఇన్వర్టర్

పల్లెపీసీ

అందరికీ నమస్తే. పార్టులన్నీ ఖాయమయ్యాయి, ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటుని కంప్యూటర్‌కి కావాల్సిన డీసీగా మార్చే పవర్ సప్లై డబ్బా) ఒక్కటే తేలట్లేదు.

రైజెన్ 5 5600, బీ450ఎం బోర్డు, 8 జీబీ ర్యామ్ రెండు, ఆర్ఎక్స్ 6600 గ్రాఫిక్ కార్డు (8 పిన్ కనెక్టర్ ఒకటే), 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, పాత 1 టీబీ హార్డ్ డిస్క్, క్యాబినెట్‌లో మూడు ఫ్యాన్లు. ఓవర్‌క్లాకింగ్ చేసే ఉద్దేశం లేదు.

ఊరు జగిత్యాల వైపు. సాయంత్రం మోటార్లు నడిచే టైమ్‌లో వోల్టేజ్ 180కి పడుతుంది, ఎండాకాలం ఇంకా కిందికి. ఇంట్లో స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉంది, కంప్యూటర్ పెట్టే గది కూడా దాని లైన్ మీదే.

షాపులో మూడు చూపించారు. ఒకటి, క్యాబినెట్‌తో పాటే వచ్చే 500 వాట్ల లోకల్ ఎస్ఎంపీఎస్, దానికి అదనంగా 800 రూపాయలే. రెండోది, బ్రాండెడ్ 450 వాట్ల బ్రాంజ్, మూడు వేల పైచిలుకు. మూడోది, 650 వాట్ల గోల్డ్, ఆరు వేలు దాటింది. 450 అంటే 500 కన్నా తక్కువే కదా, దానికి నాలుగింతలు ఎందుకు పెట్టాలి? లేక ఒకేసారి గోల్డ్ తీసుకుంటే కరెంటు బిల్లులో తిరిగొస్తుందా? స్టెబిలైజర్ కూడా కొనాలా?

---

యాంప్స్‌లెక్క

బ్రదర్, ముందు లెక్క. 5600కి ఏఎమ్‌డీ పెట్టిన పవర్ హద్దు 76 వాట్లు. డబ్బా మీద 65 అని ఉంటుంది, అది కూలర్ ఎంచుకోవడానికి రాసిన అంకె, కరెంటు లెక్కకి పనికిరాదు. ఆర్ఎక్స్ 6600 బోర్డు పవర్ 132. మదర్‌బోర్డు, ర్యామ్, ఎన్‌వీఎంఈ, ఫ్యాన్లు, యూఎస్‌బీకి తగిలించే సామాను అంతా కలిపి 50 వేసుకోండి. హార్డ్ డిస్క్‌కి 10. మొత్తం 268. ప్రాసెసరూ కార్డూ రెండూ ఒకేసారి నూరు శాతం పనిచేస్తే వచ్చే అంకె ఇది. మామూలు గేములో ఇంతకంటే తక్కువే.

గ్రాఫిక్ కార్డులు కొన్ని మిల్లీసెకన్ల పాటు తమ రేటింగ్‌కి ఒకటిన్నర, రెండింతలు గుంజుతాయి. ఆ క్షణంలో మీ కార్డు 260 లాగిందనుకున్నా మొత్తం 400 దాటదు. అందుకే ఈ కార్డుకి ఏఎమ్‌డీ కూడా 450 వాట్లే చెప్పింది. నిజమైన 450 మీకు సరిపోతుంది.

ఇక ఆ "నిజమైన" దగ్గరే కథంతా ఉంది. లోకల్ 500 పక్కన అతికించిన స్టిక్కర్ చదవండి. +12వీ గడిలో ఎన్ని యాంప్స్ రాశారు? 16 అనుంటే 12 × 16 = 192 వాట్లు, అంతే. 18 అయితే 216. మీ సిస్టమ్ తినే 268లో 240 పైనే 12 వోల్టుల లైన్ నుంచి పోతుంది, ఎందుకంటే ప్రాసెసరు, గ్రాఫిక్ కార్డు, ఫ్యాన్లు, హార్డ్ డిస్క్ మోటారు అన్నీ దాని మీదే బతుకుతాయి. 5, 3.3 వోల్టుల లైన్లకి మిగిలేది ఇరవై, ముప్పై వాట్లు. పెంటియం 4 రాకముందు బోర్డులు ప్రాసెసర్‌కి 5 వోల్టుల నుంచే కరెంటు తీసుకునేవి. లోకల్ ఎస్ఎంపీఎస్‌లు ఇప్పటికీ ఆ కాలపు డిజైన్‌తోనే వస్తున్నాయి. 5 వోల్టుల దగ్గర 25 యాంప్స్, 3.3 దగ్గర ఇంకో 20 అని రాసి, మీరు ఎప్పటికీ వాడని ఆ వాట్లన్నీ కూడేసి డబ్బా మీద 500 వేస్తారు.

మంచి 450లో అదే గడిలో 36, 37 యాంప్స్ కనిపిస్తాయి. 12 × 36 = 432. అంటే మీకు పనికొచ్చే లైన్ మీద ఆ "500" కన్నా ఈ 450 రెండింతల పైనే ఇస్తుంది.

ఇంకొకటి. కొన్ని స్టిక్కర్ల మీద 12వీ1, 12వీ2 అని రెండు గళ్లుంటాయి. ఆ యాంప్స్ రెండూ కూడొద్దు. వాటి కింద రెంటికీ కలిపి ఇచ్చే గరిష్ఠ వాట్లు రాసి ఉంటాయి, అదే లెక్క. ఆ అంకె ఎక్కడా రాయని డబ్బాని అక్కడే వదిలేసి రండి.

---

ఫ్యూజుపోయింది

లోకల్ దాని వెనక 115/230 అని ఎర్ర స్లైడ్ స్విచ్ ఉందేమో చూడండి అన్నా. ఉందంటే లోపల పీఎఫ్‌సీ సర్క్యూట్ (లైన్ నుంచి కరెంటుని సాఫీగా తీసుకునేది) లేని పాత డిజైన్ అని అర్థం. పొరపాటున ఆ స్విచ్ 115 వైపు ఉండగా మన 230 ప్లగ్గులో పెడితే లోపలి వోల్టేజ్ డబ్లర్ పనిచేసి 325 డీసీ కాస్తా 650 అవుతుంది. అక్కడుండే రెండు కెపాసిటర్లూ ఒక్కోటి 200 వోల్టులవి. టపాకాయే.

చేత్తో ఎత్తి చూసినా కొంత తెలుస్తుంది. పెద్ద హీట్ సింకులు, ట్రాన్స్‌ఫార్మర్, ఇన్‌పుట్ ఫిల్టర్ కాయిల్స్ ఉన్నది బరువుంటుంది. ఖాళీ డబ్బాలా తేలిగ్గా లేస్తే అనుమానించాల్సిందే. అయితే బరువుంటే మంచిదని మాత్రం ఖాయం కాదు.

---

రిపుల్‌గాడు

పైన అన్నలు లోకల్ సంగతి తేల్చేశారు కాబట్టి బ్రాండెడ్‌లో ఏది అన్నదానికి వస్తా.

ముందు 80 ప్లస్ గురించి. బ్రాంజ్, గోల్డ్ అనేవి గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత శాతం కంప్యూటర్‌కి చేరిందో చెప్పే గుర్తులు, అంతకుమించి ఏమీ లేదు. పరీక్ష 23 డిగ్రీల గదిలో చేస్తారు. మే నెలలో మన ఇళ్లల్లో క్యాబినెట్ లోపల అంత చల్లదనం ఎక్కడ దొరుకుతుంది? రిపుల్ (డీసీ మీద మిగిలిపోయే వోల్టేజ్ అలలు) ఎంత, షార్ట్ అయితే ఆగుతుందా, వేడెక్కితే ఆగుతుందా, ఇవేవీ ఆ స్టిక్కర్ చూడదు. కొన్ని డబ్బాల మీద 80 ప్లస్ లోగోని పోలిన బొమ్మ వేసి పక్కన "80 శాతం ఎఫిషియెన్సీ" అని రాస్తారు, అది సర్టిఫికెట్ కాదు. 80 ప్లస్ సైటులో కంపెనీ పేరు కింద మోడల్ నంబరు వెతికితే దొరకాలి. ఇలాగే ఎస్ఎంపీఎస్‌లని పరీక్షించే సైబెనెటిక్స్ సైటులో అయితే 115, 230 వోల్టులు రెంటి దగ్గరా పరీక్షించిన రిపోర్టులు కూడా ఉంటాయి. మనకి 230 కావాలి.

గోల్డ్ బిల్లులో తిరిగొస్తుందా అని అడిగారు. 250 వాట్ల లోడ్ అనుకుందాం. 85 శాతం దగ్గర గోడ నుంచి 294 వాట్లు లాగుతుంది, 90 శాతం దగ్గర 278. తేడా 16 వాట్లు. రోజుకి నాలుగు గంటలు ఫుల్ లోడ్‌లో ఆడినా ఏడాదికి 24 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలు వేసుకుంటే 170 రూపాయల లోపు. మూడు వేలు ఎక్కువ పెట్టి అది రాబట్టాలంటే ఎస్ఎంపీఎస్ జీవితకాలం చాలదు. ఆ డబ్బు పెద్ద ఎస్ఎస్‌డీకి పెట్టుకోండి.

అసలు చూడాల్సింది లోపలి డిజైన్. చవక బ్రాంజ్‌లలో కొన్ని గ్రూప్ రెగ్యులేటెడ్. అంటే 12, 5 వోల్టుల లైన్లు రెండూ ఒకే పెద్ద కాయిల్ మీద చుట్టి, రెంటికీ కలిపి ఒకటే సర్దుబాటు. గేము మొదలై 12 మీద బరువు పెరిగి, 5 మీద ఏమీ లేనప్పుడు 12 కిందికి జారుతుంది, 5 పైకి లేస్తుంది. కంట్రోలర్ రెంటి మధ్యా రాజీ కుదురుస్తుందే తప్ప ఏదీ సరిగ్గా నిలబడదు. ఇప్పటి కంప్యూటర్లలో లోడ్ అంతా 12 మీదే ఉంటుంది కాబట్టి మనం దాన్ని ఎప్పుడూ ఆ ఇబ్బందిలోనే నడుపుతాం. డీసీ టు డీసీ డిజైన్‌లో ముందు 12 మాత్రమే తయారుచేసి, 5నీ 3.3నీ దాన్నుంచి చిన్న కన్వర్టర్ బోర్డులతో విడిగా తీస్తారు. ఒకదాని బరువు ఇంకోదాని మీద పడదు.

స్టిక్కర్ చూసి పోల్చుకోవడానికి ఒక బండ గుర్తు: 12 వోల్టుల వాట్లు మొత్తం వాట్లకి దాదాపు సమానంగా ఉంటే డీసీ టు డీసీ అయ్యే అవకాశం ఎక్కువ. నూటికి నూరూ నిజం కాదు, రివ్యూతో సరిచూసుకోండి.

పేర్లు కావాలంటే: కూలర్ మాస్టర్ ఎండబ్ల్యూఈ బ్రాంజ్ వీ2, డీప్‌కూల్ పీకే450డీ, పీకే550డీ, కోర్సెయిర్ సీఎక్స్. ఇవన్నీ డీసీ టు డీసీవే. కోర్సెయిర్ సీవీ అని ఇంకోటుంది, పేరులో ఒక్క అక్షరమే తేడా, గ్రూప్ రెగ్యులేటెడ్. కంపెనీకి దాని మీద ఎంత నమ్మకమో వారంటీలోనే కనిపిస్తుంది: సీఎక్స్‌కి 5 ఏళ్లు, సీవీకి 3 ఏళ్లు. షాపులో "కోర్సెయిర్ 450 ఇవ్వండి" అంటే ఏది చేతిలో పెడతారో వాళ్లిష్టం. పూర్తి మోడల్ పేరు చెప్పి అడగండి.

బ్రాండ్ ఒక్కటే చూస్తే ఎందుకు చాలదో చెప్పడానికి 2021 నాటి గిగాబైట్ వ్యవహారం ఉంది. పీ750జీఎం, పీ850జీఎం, రెండూ గోల్డ్ సర్టిఫికెట్ ఉన్నవే. ఓవర్ పవర్ ప్రొటెక్షన్ రేటింగ్‌లో 120 నుంచి 150 శాతం దాకా వెళ్లాక గానీ పనిచేసేది కాదు. రివ్యూయర్ల పరీక్షల్లో యూనిట్లు పేలిపోయాయి. ఆగస్టులో కంపెనీ ఆ హద్దుని 110–120 శాతానికి దించి, కొన్ని సీరియల్ నంబర్లకి మార్చి ఇస్తామని ప్రకటించింది. అదే కంపెనీకి మంచి మోడళ్లూ ఉన్నాయి. మోడల్ చూసి కొనాలి.

450 వర్సెస్ 550: ధరలో తేడా ఐదారు వందలే ఉంటే 550 తీసుకోమంటా. రెండేళ్ల తర్వాత 200 వాట్ల పైన కార్డు వేస్తే మళ్లీ కొనక్కర్లేదు. వెయ్యి దాటితే 450 చాలు.

---

యాంప్స్‌లెక్క

550 మీద నాకు కాస్త అభ్యంతరం. ఆర్ఎక్స్ 6700 ఎక్స్‌టీ లాంటి 230 వాట్ల కార్డుకి ఏఎమ్‌డీయే 650 చెప్తుంది. అంత పెద్ద కార్డు ఉద్దేశం నిజంగా ఉంటే నేరుగా 650 బ్రాంజ్‌కి పోవాలి. లేకపోతే 450తో ఆగాలి. మధ్యలో 550 ఎందుకు?

---

రిపుల్‌గాడు

కంపెనీలు ఆ అంకె వేసేటప్పుడు అవతల పెద్ద ప్రాసెసర్‌నీ, నాసిరకం ఎస్ఎంపీఎస్‌నీ కలిపి ఊహించుకుంటాయి. 5600 పక్కన 230 వాట్ల కార్డు వేస్తే 370 దగ్గర ఆగుతుంది. మంచి 550 మోస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది. కొన్ని మోడళ్ల వాట్లు 30 డిగ్రీల దగ్గర రాసినవి, కొన్ని 40, కొన్ని 50. డేటా షీట్‌లో ఉంటుంది, చూడండి. 30 డిగ్రీల రేటింగ్ ఉన్న 450ని ఎండాకాలం రేకుల ఇంట్లో పెడితే అది 450 కాదు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికీ సగం అవుతుంది. కొంచెం పెద్దది కొంటే సగం లోడ్‌లో చల్లగా నడుస్తుంది, ఫ్యాన్ మోత కూడా తక్కువ.

---

పల్లెపీసీ

చాలా థ్యాంక్స్ అన్నా. లోకల్ దాని స్టిక్కర్ చూశా, +12వీ దగ్గర 15ఏ అనుంది! ఇక అది లేదు. బ్రాంజ్ 550 వైపు మొగ్గుతున్నా. కరెంటు సంగతి ఎవరైనా చెప్పండి. 180 వోల్టుల దగ్గర నడుస్తుందా? ఇన్వర్టర్ మీదికి మారినప్పుడు ఆగిపోతుందా?

---

ఎర్త్‌గుంత

మన ఊళ్లలో ఎస్ఎంపీఎస్ పోవడానికి గేముల కన్నా కరెంటు లైనే ఎక్కువ కారణం, కాబట్టి కొంచెం వివరంగా.

ఇన్‌పుట్ వోల్టేజ్: మోడల్ పేరు ఒకటే అయినా కొన్నిటి మీద 100–240, కొన్నిటి మీద 200–240 అని ఉంటుంది. ఎండబ్ల్యూఈ బ్రాంజ్‌లో 230వీ వెర్షన్ అని విడిగా ఉంది. కాబట్టి డబ్బా పక్క స్టిక్కర్ చదివి 100–240 ఉన్నదే తీసుకోండి. ఏటీఎక్స్ డిజైన్ గైడ్ (ఎస్ఎంపీఎస్‌లు ఎలా ఉండాలో చెప్పే ప్రమాణం) ప్రకారం 230 శ్రేణి సప్లైలు 180 నుంచి 265 వోల్టుల దాకా తట్టుకోవాలి, అంటే 200–240 రాసింది కూడా 180 దగ్గర నడవాలి. కానీ మీకు 180 కిందికీ పడుతోందంటున్నారు. అక్కడ 200–240ది ఆగిపోవచ్చు, ఫుల్ రేంజ్‌ది నడుస్తూనే ఉంటుంది. వోల్టేజ్ తగ్గినకొద్దీ అదే పనికి ఎక్కువ యాంప్స్ లాగుతుంది. గోడ దగ్గర 315 వాట్లు అనుకుంటే 230 వోల్టుల్లో 1.4 యాంప్స్, 170లో 1.85. ఆ అదనపు కరెంటు వేడిగా మారేది ఇన్‌పుట్ వైపు రెక్టిఫయర్, మాస్‌ఫెట్లలో. రిపుల్‌గాడు గారు 550 అనడానికి మీ ఊళ్లో ఇది ఇంకో కారణం.

స్టెబిలైజర్: ఫుల్ రేంజ్ ఎస్ఎంపీఎస్‌కి అక్కర్లేదు. లోపలి పీఎఫ్‌సీ సర్క్యూట్ 100 వచ్చినా 240 వచ్చినా ఒకే డీసీకి ఎత్తి పెడుతుంది. రిలే స్టెబిలైజర్ ట్యాప్ మార్చిన ప్రతిసారీ కొన్ని మిల్లీసెకన్లు కరెంటు తెగుతుంది. లేని సమస్యని తెచ్చుకోవడమే.

దాని బదులు ఓవర్ వోల్టేజ్ కటాఫ్ పెట్టించండి. త్రీ ఫేజ్ లైన్‌లో స్తంభం దగ్గర న్యూట్రల్ తెగితే ఒక ఇంట్లో లైట్లు మినుకుమంటాయి, పక్కింట్లో 350, 400 వోల్టులు వస్తాయి. ఎస్ఎంపీఎస్‌లో మొదటి పెద్ద కెపాసిటర్ 400 నుంచి 450 వోల్టుల డీసీది. 350 ఏసీ వస్తే అక్కడ 495 డీసీ అవుతుంది. ఏ బ్రాండ్ అయినా పోతుంది, వారంటీ వాళ్లు కూడా ఇది లైన్ తప్పే అంటారు. మీటరు తర్వాత డీబీలో (ఇంటి ఎంసీబీలుండే బోర్డులో) పెట్టే చిన్న ప్రొటెక్టర్లు, డిస్‌ప్లే ఉన్నవి, 270 దాటగానే లైన్ తెంపేలా సెట్ చేసుకోవచ్చు. టీవీ, ఫ్రిజ్ కూడా దాంతోనే బతుకుతాయి.

ఇన్వర్టర్: వెనకవైపు లేదా ముందు చిన్న స్విచ్ ఉంటుంది, యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని. నార్మల్‌లో మారడానికి పట్టే టైమ్ ఫ్యాన్లకి, లైట్లకి పర్లేదు గానీ కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. యూపీఎస్ మోడ్‌లో 10 మిల్లీసెకన్ల చుట్టూ ఉంటుంది. ఎస్ఎంపీఎస్ తన కెపాసిటర్‌లోని నిల్వతో 80 శాతం లోడ్ దగ్గర 17 మిల్లీసెకన్లు నిలబడాలని గైడ్ చెప్తుంది, ఫుల్ లోడ్ దగ్గర 12. మీ లోడ్ 550లో సగమే కాబట్టి ఇంకా ఎక్కువసేపే నిలబడుతుంది. ఇక్కడా పెద్దదే లాభం.

ఒక తిరకాసు ఉంది. యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ లైన్ 180 దగ్గరికి రాగానే బ్యాటరీ మీదికి దూకుతుంది. మీ ఊళ్లో సాయంత్రమంతా అదే పని. బ్యాటరీ దిగిపోతుంది, ఇంట్లో వాళ్లకి ఫ్యాను ఉండదు, మీకు తిట్లు. నార్మల్ మోడ్‌లో పెడితే ఇంకా కింది వోల్టేజ్ దాకా లైన్ మీదే ఉంటుంది కానీ మారేటప్పుడు సిస్టమ్ ఆగుతుంది.

పైగా స్క్వేర్ వేవ్ మీద యాక్టివ్ పీఎఫ్‌సీ ఎస్ఎంపీఎస్‌లు గుయ్యిమంటాయి, కొన్ని బ్యాటరీ మీదికి మారగానే ఆగిపోతాయి. కాబట్టి నా సలహా, కంప్యూటర్ ప్లగ్గుని ఇన్వర్టర్ లైన్ నుంచి తప్పించి నేరుగా మెయిన్స్‌కి వేయించి, దానికి విడిగా కంప్యూటర్ యూపీఎస్ పెట్టండి. 600 వీఏ అంటే సాధారణంగా 360 వాట్లు. మీ సిస్టమ్ ఫుల్ లోడ్ 315, మానిటర్ 25, మొత్తం 340, అంచుకి వచ్చేసింది. 1000 వీఏ తీసుకోండి. ఎలాగూ అది గేము ఆడుకోవడానికి కాదు, సేవ్ చేసి షట్‌డౌన్ చేయడానికి.

ఎర్త్: ఇది అందరూ వదిలేస్తారు. క్యాబినెట్ తాకితే వేలికి జిల్లుమంటోందంటే ఎస్ఎంపీఎస్ చెడిందని కాదు. ఇన్‌పుట్ ఫిల్టర్‌లో ఫేజ్ నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే బాడీ ఆ రెంటి మధ్యన 115 వోల్టుల దగ్గర వేలాడుతుంది. కరెంటు చాలా తక్కువ, కానీ హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ కేబుళ్లు పెట్టి తీసేటప్పుడు పోర్టులు పోతాయి. మీటర్‌ని ఏసీలో పెట్టి సాకెట్‌లో చూడండి: ఫేజ్‌కి ఎర్త్‌కి మధ్య దాదాపు లైన్ వోల్టేజ్ రావాలి, న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య రెండు మూడు వోల్టులకి మించకూడదు. ఫేజ్–ఎర్త్ మధ్య 60, 100 అని ఊగుతుంటే ఎర్త్ లేనట్టే. సాకెట్‌లో పై రంధ్రానికి వైరే వేయని ఇళ్లు బోలెడు. కొందరు ఎలక్ట్రీషియన్లు న్యూట్రల్‌నే తెచ్చి ఎర్త్ పిన్‌కి కలుపుతారు, మీటర్‌లో బాగానే కనిపిస్తుంది. న్యూట్రల్ తెగిన రోజు క్యాబినెట్ మొత్తం ఫేజ్ అవుతుంది. సాకెట్ విప్పించి చూసుకోండి.

---

సీటీసీరౌండ్స్

సికింద్రాబాద్ సీటీసీలోనో (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్), ఆన్‌లైన్‌లోనో ఎక్కడ కొన్నా జీఎస్‌టీ బిల్లు మీద మోడల్ పేరు, సీరియల్ నంబరు రెండూ రాయించుకోండి. "ఎస్ఎంపీఎస్ 1 నం." అని రాసిన బిల్లుతో సర్వీస్ సెంటర్‌లో గొడవ. సీల్ తీసిన డబ్బా వద్దు. పాత ఎస్ఎంపీఎస్ మాత్రం సగం ధరకి ఇచ్చినా వద్దు, అది ఎన్ని గంటలు తిరిగిందో ఎవరికీ తెలియదు.

---

పల్లెపీసీ

ఇన్వర్టర్ విషయం ఇంత ఉందని అనుకోలేదు. ప్లగ్గు మార్పిస్తా. ఆఖరి ప్రశ్న: బిగించేటప్పుడు ఏం జాగ్రత్త? మంచి పీసే వచ్చిందని ఎలా తెలుసుకోవాలి? పాత మోలెక్స్ (నాలుగు పిన్నుల పాత పవర్ కనెక్టర్) నుంచి సాటా (ఇప్పటి డిస్కులకి పెట్టేది) కన్వర్టర్ ఒకటి ఉంది, హార్డ్ డిస్క్‌కి అది వాడొచ్చా?

---

రిపుల్‌గాడు

కన్వర్టర్ అవతల పారేయండి. అచ్చు పోసిన ప్లాస్టిక్ తల ఉన్న రకం అయితే మరీను. లోపల వైర్లు దగ్గర దగ్గరగా ఉండి, ప్లాస్టిక్ వేడికి మెత్తబడి, 12, 5 ఒకదానికొకటి తగిలి కాలిపోతాయి. కొత్త ఎస్ఎంపీఎస్‌లో సాటా కనెక్టర్లు నాలుగైదు ఉంటాయి, నేరుగా అదే పెట్టండి. అలాగే సాటా నుంచి గ్రాఫిక్ కార్డుకి 6 పిన్ తీసే వైరు ఎవరైనా ఇస్తే తీసుకోవద్దు. సాటా కనెక్టర్‌లో 12 వోల్టులకి మూడు పిన్నులు, ఒక్కోటి 1.5 యాంప్స్, కలిపి 54 వాట్లు. 6 పిన్ అడిగేది 75.

బిగించడం: క్యాబినెట్ అడుగున జాలీ, కింద కాళ్లు ఉంటే ఫ్యాన్ కిందికి చూసేలా పెట్టండి. జాలీ లేకపోతే పైకి. వెనక నాలుగు స్క్రూలూ వేయండి. ప్రాసెసర్ కేబుల్ 4+4, కార్డు కేబుల్ 6+2. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, 12 వోల్టులు, గ్రౌండ్ మాత్రం తలకిందులు. అంచుల ఆకారం తేడా వల్ల తప్పుది మామూలుగా దూరదు, బలవంతంగా నొక్కితే మాత్రం దూరుతుంది, షార్టవుతుంది. కనెక్టర్ మీద సీపీయూ, పీసీఐఈ అని రాసి ఉంటుంది, చదివి పెట్టండి. 24 పిన్ కనెక్టర్ క్లిప్ టక్‌మని బోర్డు అంచుకి పట్టుకోవాలి. సగం దూరిన 24 పిన్ వల్లే చాలా కొత్త సిస్టమ్‌లు ఒక రోజు ఆన్ అయి, ఇంకో రోజు అవ్వవు. మాడ్యులర్ మోడల్ కొంటే దాని డబ్బాలో వచ్చిన కేబుళ్లు తప్ప వేరేవి వాడకూడదు, కనెక్టర్ సరిపోయినా ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకో రకం. ఎస్ఎస్‌డీలు, హార్డ్ డిస్కులు పోయేది ఇలాగే.

పరీక్ష: బోర్డుకి కలపకముందే ఆన్ చేసి చూడాలంటే 24 పిన్‌లో ఆకుపచ్చ వైరుని పక్కన నల్ల వైరుతో పేపర్ క్లిప్ పెట్టి కలపండి. కొత్తవాటిలో వైర్లన్నీ నలుపే, అప్పుడు 16వ పిన్ లెక్కపెట్టుకోవాలి. ఫ్యాన్ తిరిగితే బతికుందని మాత్రమే తెలుస్తుంది. కొన్ని మోడళ్లలో లోడ్ లేనప్పుడు ఫ్యాన్ తిరగదు కూడా.

అసలు పరీక్ష లోడ్ మీద. సిస్టమ్ అంతా బిగించి, విండోస్ వేసి, ఓసీసీటీ అనే టెస్ట్ సాఫ్ట్‌వేర్‌లో పవర్ టెస్ట్ అరగంట నడపండి. ప్రాసెసర్‌నీ కార్డునీ ఒకేసారి పిండుతుంది. ఆ టైమ్‌లో మల్టీమీటర్‌ని డీసీ 20 రేంజ్‌లో పెట్టి, ఖాళీగా ఉన్న మోలెక్స్ కనెక్టర్‌లో నల్ల ప్రోబ్ గ్రౌండ్ మీద, ఎర్రది 12 మీద. మోలెక్స్‌లో నాలుగు పిన్నులే: ఒక చివర 12, ఇంకో చివర 5, మధ్యలో రెండూ గ్రౌండ్. 11.4 నుంచి 12.6 మధ్య ఏది వచ్చినా ప్రమాణం లోపలే. కానీ ఖాళీగా ఉన్నప్పుడు 12.1 ఉండి, లోడ్ పడగానే 11.5కి జారితే అది నాకు నచ్చదు. మంచిది రెండు మూడు పాయింట్ల లోపే కదులుతుంది, అంటే 0.2, 0.3 వోల్టులు. 5 వోల్టులకి 4.75–5.25. సాఫ్ట్‌వేర్‌లో కనిపించే 12 వోల్టుల అంకె నమ్మొద్దు, బోర్డు మీది సెన్సార్ చాలాసార్లు తప్పు చూపిస్తుంది. రిపుల్ మాత్రం మీటర్‌కి దొరకదు, ఆసిలోస్కోప్ కావాలి. 12 మీద హద్దు 120 మిల్లీవోల్టులు. దానికి రివ్యూల మీదే ఆధారపడాలి.

టెస్ట్‌లో ఉన్నట్టుండి పూర్తిగా ఆగిపోయి, బటన్ నొక్కినా లేవకుండా, వెనక స్విచ్ ఆపి కాసేపాగి వేస్తేనే లేస్తే, ప్రొటెక్షన్ ట్రిప్ అయింది. ఆగి వెంటనే తనంతట తానే రీస్టార్ట్ అయితే లైన్‌లో కరెంటు కొట్టేసిందా అని ముందు చూడండి. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 కనిపిస్తే ఎస్ఎంపీఎస్ పోయిందని కంగారు పడొద్దు, సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని తప్ప దానికి వేరే అర్థం లేదు. బయోస్‌లో ర్యామ్ ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) తీసేసి ఇంకోసారి నడిపి చూడండి. అప్పటికీ ట్రిప్ అవుతుంటే, వాసన వస్తుంటే, రీప్లేస్‌మెంట్ గడువు దాటకముందే మార్పించేయండి. అది దాటితే వారంటీ దారి, రెండు మూడు వారాలు సిస్టమ్ లేకుండా కూర్చోవాలి.

---

ఎర్త్‌గుంత

ఆ టెస్ట్ మీ ఊళ్లో మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం మోటార్లు నడిచేటప్పుడు ఒకసారి చేయండి. 230 దగ్గర పాసైంది 175 దగ్గర పడుకోవచ్చు.